కొత్త మీటరు, పాత సంపు

నల్లా మీటరు మార్చినప్పుడు ఇంట్లో లీకులు ఎలా చూసుకోవాలి అంటే అందరూ చెప్పే చిట్కా ఒకటే: కుళాయిలన్నీ కట్టేసి మీటరు వంక చూడండి, ముల్లు కదిలితే ఎక్కడో నీళ్ళు పోతున్నట్టు. ఇరవై నాలుగ్గంటలూ నీళ్ళొచ్చే ఊళ్ళకి ఇది సరిపోతుంది. మన మాదాపూర్, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో మాత్రం మీటరు తర్వాత వచ్చేది కుళాయి కాదు, సంపు.

ఈ సంపు మన ఇళ్ళలోకి ఎలా వచ్చిందన్నది పెద్ద కథే. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య గారి సలహాలతో మొదలైన పనుల్లోంచి 1920లో గండిపేట, 1927లో హిమాయత్ సాగర్ తయారయ్యాయి. ఊరు పెరిగింది, మంజీర నీళ్ళొచ్చాయి. 1998లో సైబర్ టవర్స్ మొదలయ్యాక మనవాళ్ళంతా ఇటువైపు వచ్చిపడ్డారు. 2004లో కృష్ణ, 2015లో గోదావరి... ఎల్లంపల్లి నుంచి దాదాపు 186 కిలోమీటర్లు, పంపులతో తోసుకుంటూ! ఇన్ని నదులు తెచ్చుకున్నా చాలా కాలనీల్లో నల్లా రోజు విడిచి రోజే, అదీ కొన్ని గంటలే. ఆ కాసేపట్లో పట్టి దాచుకోవడానికే సంపు. చాలకపోతే అందులోకే బోరు, అందులోకే టాంకరు.

చిక్కంతా ఇక్కడే. 2021 జనవరిలో నెలకి 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం మొదలైనప్పుడు, బస్తీలకి తప్ప మిగతా ఇళ్ళకి పనిచేసే మీటరు తప్పనిసరి అన్నారు. దాంతో ఆగిపోయిన మీటర్లు చాలా మారాయి. కానీ మీటరు లెక్కపెట్టేది నల్లా నీళ్ళనే, టాంకరు సంగతి దానికి తెలియదు. సంపు కారుతున్నా నల్లా బిల్లు సున్నా రావచ్చు. నష్టం మెయింటెనెన్స్‌లో టాంకర్ల పద్దు కింద తేలుతుంది. (మన భాషలో చెప్పాలంటే లాగ్ ఒక సర్వర్‌లో, లీకు ఇంకో సర్వర్‌లో.)

కాబట్టి ముక్కలుగా చూసుకోవాలి. ముందు పాత మీటరు చివరి రీడింగు, కొత్తదాని మొదటి రీడింగు ఫోటో తీసుకోండి. నీళ్ళొచ్చే రోజు సంపు దగ్గర వాల్వు కట్టేస్తే ముల్లు ఆగాలి. ఆగకపోతే మీటరుకీ సంపుకీ మధ్య పైపు కారుతున్నట్టే. అన్నట్టు, నల్లా వదలగానే ముందు తోసుకొచ్చే గాలికి కూడా మీటరు తిరుగుతుంది, కంగారు పడకండి. నల్లా రాని రాత్రి మోటారు, బోరు ఆపి, సంపులో కర్ర ముంచి మట్టం గుర్తు పెట్టుకుని పొద్దున్నే మళ్ళీ చూడండి. ఫ్లష్ ట్యాంకులో కాస్త రంగు కలిపి, ఫ్లష్ చెయ్యకుండా అరగంట ఆగితే బేసిన్‌లో రంగు కనిపిస్తుందో లేదో తెలిసిపోతుంది.

మా బ్లాకులో మీటరు భేషుగ్గా ఉంది. కర్ర మీద గీత మాత్రం తెల్లారేసరికి నాలుగు వేళ్ళు దిగింది.