కాలువ చివరి ఊళ్లు

రాయలసీమ పల్లెను గురించి మన సాహిత్యం రెండు సంగతులే గట్టిగా చెప్పింది: ఒకటి కరువు, రెండు ముఠా కక్షలు. మొదటిదాన్ని విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ మొదలుకొని గొప్పగానే చెప్పింది. రెండోదాన్ని సినిమావాళ్లు మన చేతుల్లోంచి లాక్కుపోయారు. ఇదే పల్లె తన నీళ్లను తానే పంచుకొన్న చరిత్ర ఒకటుంది. దాన్ని పట్టించుకొన్నది మన రచయితలు కాదు, రాబర్ట్ వేడ్ అనే పరదేశి పరిశోధకుడు.

1970ల చివర, 1980ల మొదట్లో ఆయన అప్పటి కర్నూలు జిల్లాలో కాలువ కింది 31 ఊళ్లను పరిశీలించాడు. (2022లో నంద్యాల జిల్లా ఏర్పడేదాకా నేనుండే పాణ్యమూ ఆ జిల్లాలోదే.) ‘విలేజ్ రిపబ్లిక్స్’ అనే పుస్తకంగా 1988లో అది వెలువడింది. ‘కొత్తపల్లె’ అని మారుపేరు పెట్టిన ఊళ్లో ఆయన చూసినవి ఇవి: ఏ చట్టమూ పుట్టించని ఊరి కమిటీ, దానికో ఉమ్మడి నిధి, పైరుకు కావలివాళ్లు, అందరి మళ్లకూ నీళ్లు కట్టే ఉమ్మడి మనుషులు. కోతలయ్యాక పొలాల్లో గొర్రెలను మేపుకొనే హక్కును మందలవాళ్లకు అమ్మి ఆ నిధిని కూడబెట్టేవారు. ప్రభుత్వ పంచాయతీతో దీనికి నిమిత్తం లేదు.

ఇందులో విశేషమేమిటో తెలియాలంటే గేమ్ థియరీని కాస్త తడమాలి. 1950లో అమెరికాలో ఫ్లడ్, డ్రెషర్ అనేవారు రూపొందించిన ఒక లెక్కకు టక్కర్ అనే గణితవేత్త ఖైదీల కథ కట్టాడు. ఖైదీలను వదిలి దాన్ని మన పిల్లకాలువ మీద పెట్టి చూద్దాం. రాత్రివేళ ఇద్దరు రైతులు. పక్కవాడు వంతు పాటిస్తే నేను మడవ తిప్పుకోవడం లాభం. వాడే తిప్పుకొంటే నేను ఊరుకోవడం నష్టం. ఎటు చూసినా తిప్పుకోవడమే తెలివి. ఇద్దరూ ఆ తెలివే చూపితే వంతూ ఉండదు, పంటా ఉండదు. 1968లో గారెట్ హార్డిన్ ఇలాంటి తర్కంతోనే, ఉమ్మడి వనరులకు ప్రైవేటు ఆస్తి గానీ ప్రభుత్వ దండం గానీ తప్ప దారి లేదన్నాడు.

ఈ లెక్కలోకి ‘రేపు’ రాలేదు. ఆ ఇద్దరూ మళ్లీ ఎదురుపడే సంభావ్యత ఎక్కువైతే, మంచికి మంచి, చెడుకు చెడు బదులిచ్చేవాడే నెగ్గుకురాగలడని 1984లో ఆక్సెల్‌రాడ్ చూపాడు. మన పల్లెల్లో ముయ్యికి పోయేవాళ్లకు ఇదేమీ కొత్త కాదు. ఇవాళ వాళ్ల చేలో కలుపు, రేపు మన చేలో.

మరి అన్ని ఊళ్లూ ఎందుకు కలవలేదు? కాలువ మొదట్లో నీటికి దిగులు లేదు, కమిటీతో పనీ లేదు. చివరి ఊళ్లకు నీరు వస్తుందో రాదో తెలియదు. పైగా అక్కడ నల్లరేగడి ఎక్కువ, దాంతో మేత ఎక్కువ, మందలు పైర్ల మీద పడే తగాదాలూ ఎక్కువ. కట్టుబాటు పుట్టింది అక్కడే. మన కథల్లో ఐక్యత ఎప్పుడూ ఒక యువకుడి ఉపన్యాసంతో వస్తుంది; ఆ యువకుడు పట్నం నుంచి వస్తాడు. ఇక్కడ దాన్ని తెచ్చింది పంట పోతుందన్న భయం.

అయితే వేడ్‌ను మెచ్చుకొని ఊరుకోలేను. కమిటీలో కూర్చున్నది భూమి ఉన్నవాళ్లు, వాళ్లలోనూ పెద్ద రైతులు. ఆయన దీన్ని దాచలేదు. వాళ్ల భూములు ఊరంతటా చెదిరి ఉండడంవల్లే ఊరంతటి నీళ్లూ వాళ్లకు కావలసి వచ్చాయన్నాడు. నిజమే. కాని నిధికి సొమ్ము కట్టిన గొర్రెలకాపరికి దాని ఖర్చు మీద మాటేదీ? మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోయే కూలికి ఊళ్లో ఏ ‘రేపు’ లెక్కకొస్తుంది? ఆటగాళ్లెవరో ముందే తేల్చుకొని మొదలుపెట్టడమే ఈ సిద్ధాంతంతో నాకున్న పేచీ. 1997లో రాష్ట్రం చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు పెట్టింది. భూమిలేని కూలికి వాటిలోనూ ఓటు లేదు. ఉమ్మడి వనరులను జనమే నడుపుకోగలరని చూపినందుకు 2009లో ఎలినార్ ఆస్ట్రమ్‌కు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ ‘జనం’ ఎవరన్న ప్రశ్న మాత్రం మనకే మిగిలింది.

మేత హక్కు కొనుక్కొన్న కాపరి వైపు నుంచి ఆ ఊరి చరిత్ర రాయదలచినవారిని వేడ్ పుస్తకం సగం దాకానే తీసుకుపోతుంది. మిగతాది అడిగి తెలుసుకోవలసిందే. 1980లలో ఈ ప్రాంతంలో మందలు తోలినవాళ్లు కొందరు ఇంకా ఉన్నారు.