పేరుకు పౌరసత్వం, చేతికి వీసా: ఓసీఐ కార్డు కథ

భారత పౌరుడు ఇష్టపూర్వకంగా మరో దేశ పౌరసత్వం తీసుకుంటే ఆ క్షణమే భారత పౌరసత్వం పోతుంది. రాజ్యాంగం 9వ అధికరణంలో ఉన్న ఈ సూత్రాన్నే 1955 నాటి పౌరసత్వ చట్టం కొనసాగించింది. దేశ విభజన గాయం ఇంకా పచ్చిగా ఉన్న రోజులవి. విదేశాల్లో స్థిరపడిన భారత సంతతివారు తామున్న దేశానికే విధేయులై మెలగాలన్నది నెహ్రూ ప్రభుత్వ విధానం. దాంతో దాదాపు అర్ధ శతాబ్దం పాటు, ఈ గడ్డ మీద పుట్టి పరాయి పాస్‌పోర్టు పట్టుకున్నవారికీ, ఈ దేశంతో ఏ సంబంధమూ లేని పర్యాటకుడికీ చట్టం దృష్టిలో తేడా లేకపోయింది. అమ్మానాన్నలను చూడడానికి వచ్చినా చాలామందికి వీసా తప్పేది కాదు.

మార్పుకు మొదటి కారణం డబ్బే. 1998 పోఖ్రాన్ అణుపరీక్షల తర్వాత ఆంక్షలు వచ్చిపడినప్పుడు, ప్రభుత్వం రిసర్జెంట్ ఇండియా బాండ్ల ద్వారా ప్రవాసుల నుంచి 400 కోట్ల డాలర్లకు పైగా సమీకరించింది. మరుసటి ఏడాది మార్చి 30న పీఐఓ (పర్సన్ ఆఫ్ ఇండియన్ ఆరిజిన్) కార్డు పుట్టింది. నాలుగు తరాల వరకు భారత మూలాలున్నవారికి 20 ఏళ్లపాటు వీసా అక్కర్లేదు. రుసుము మాత్రం 1,000 డాలర్లు. సొంతూరికి వచ్చిపోవడానికి అంత ధర కట్టాల్సి రావడం చాలామందికి మింగుడుపడలేదు. 2002 సెప్టెంబరులో రుసుమును 15,000 రూపాయలకు, గడువును 15 ఏళ్లకు తగ్గించారు. 180 రోజులు దాటి ఉంటే అధికారుల వద్ద పేరు నమోదు చేసుకోవాలన్న షరతు అలాగే మిగిలింది.

ఈలోగా ఎల్.ఎం. సింఘ్వీ అధ్యక్షతన ఏర్పడిన ఉన్నతస్థాయి కమిటీ ద్వంద్వ పౌరసత్వాన్ని సిఫారసు చేసింది. దక్షిణాఫ్రికా నుంచి గాంధీజీ తిరిగొచ్చిన జనవరి 9ని ప్రవాసుల దినంగా జరపాలన్న సూచనా ఆ కమిటీదే. 2003లో జరిగిన మొదటి ప్రవాసీ భారతీయ దివస్‌లో ప్రధాని వాజ్‌పేయి ద్వంద్వ పౌరసత్వం ఇస్తామని ప్రకటించారు. ఆ ఏడాది చివర్లో పార్లమెంటు ఆమోదించిన సవరణలో చోటు దక్కినది 16 దేశాలకే. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, ఫ్రాన్స్ వంటివి అందులో ఉన్నాయి. మారిషస్, ఫిజీ, దక్షిణాఫ్రికా, మలేసియా లేవు. విమానమెక్కి వెళ్లినవారి పిల్లలు గుర్తొచ్చారు గానీ, ఓడల్లో కూలీలుగా తరలిపోయినవారి సంతానం గుర్తుకు రాలేదు. ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించే ఘట్టం ఇదే. 2005లో తెచ్చిన మరో సవరణ పాకిస్తాన్, బంగ్లాదేశ్ మినహా అన్ని దేశాలకూ తలుపు తెరిచింది.

2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో ప్రధాని మన్మోహన్ సింగ్ తొలి ఓసీఐ కార్డులు అందజేశారు. ఓసీఐ అంటే 'ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా'. పేరులో 'సిటిజన్' ఉంది, హక్కుల్లో లేదు. ఓటు వేయడానికి, చట్టసభలకు పోటీ చేయడానికి, రాజ్యాంగ పదవులు చేపట్టడానికి వీల్లేదు. ప్రభుత్వ ఉద్యోగమూ సాధారణంగా దొరకదు. దక్కినవి జీవితకాల వీసా, ఎన్నాళ్లున్నా నమోదు అవసరం లేని వెసులుబాటు, ఆర్థిక, విద్యా విషయాల్లో ఎన్నారైలతో దాదాపు సమాన హోదా. పొలం సంగతి తెలుగు కుటుంబాలకు బాగా అనుభవమే: తండ్రి నుంచి వారసత్వంగా రావచ్చు, పక్కనున్న అరెకరం కొనుక్కోవడానికి మాత్రం కుదరదు.

తొలి రోజుల్లో ఓసీఐ రెండు ముక్కలుగా ఉండేది. పాస్‌పోర్టును పోలిన చిన్న పుస్తకం ఒకటి, విదేశీ పాస్‌పోర్టులో అతికించే 'యు' వీసా స్టిక్కరు మరొకటి. పాస్‌పోర్టు గడువు తీరి కొత్తది వచ్చినా స్టిక్కరు పాతదానిలోనే ఉండిపోయేది. అందుకే రద్దయిన పాస్‌పోర్టును కూడా సంచిలో పెట్టుకుని ప్రయాణించేవారు. అది మరిచిపోతే విమానాశ్రయంలో తిప్పలే. తర్వాత ఆ స్టిక్కరును తీసేశారు.

పీఐఓ, ఓసీఐ పక్కపక్కనే నడవడం వల్ల తలెత్తిన గందరగోళం 2015 జనవరి 9తో ముగిసింది. పీఐఓ పథకాన్ని ఉపసంహరించి, ఆ కార్డులున్నవారిని ఓసీఐల కిందే లెక్కించారు. మునిమనవలకూ అర్హత వచ్చింది. హోదా పేరు 'ఓసీఐ కార్డుహోల్డర్'గా మారింది. 2022 నాటికి జారీ అయిన కార్డులు 40 లక్షలు దాటాయి.

అదే కాలంలో షరతులూ బిగిశాయి. కేంద్రం నోటిఫై చేసిన చట్టాలను ఉల్లంఘిస్తే కార్డు రద్దు చేసే అధికారం 2019 సవరణతో ప్రభుత్వానికి వచ్చింది. 2021 మార్చి 4 నాటి ప్రకటన పరిశోధన, పాత్రికేయం, మతప్రచారం వంటి పనులకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. నీట్, జేఈఈ వంటి పరీక్షల్లో ఓసీఐ విద్యార్థులను ఎన్నారై సీట్లకే పరిమితం చేసింది. ఇక్కడే చదువుకుంటూ పెరిగిన పిల్లలకు ఇది పెద్ద దెబ్బ. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఆంక్ష ప్రకటన తేదీ తర్వాత కార్డు పొందినవారికే వర్తిస్తుందని తీర్పు చెప్పి, అప్పటికే కార్డు ఉన్నవారిని ఆదుకుంది.

ఓడలెక్కినవారి వంతు ఆలస్యంగా వచ్చింది. మారిషస్‌లో తెలుగువారిని కోరంగి రేవు పేరు మీదుగా 'కోరంగీలు' అనేవారు. వారి పూర్వీకులు 19వ శతాబ్దంలో వెళ్లారు కాబట్టి మునిమనవల నిబంధన వారికి అక్కరకు రాలేదు. ఆనాటి కూలీల పేర్లు, వారెక్కిన ఓడల వివరాలు ఉన్న రిజిస్టర్లు అక్కడి మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. 2023లో సూరినామ్ వారికి ఆరో తరం వరకు, 2024లో మారిషస్ వారికి ఏడో తరం వరకు, 2025లో ట్రినిడాడ్ వారికి ఆరో తరం వరకు ఓసీఐ అర్హతను పెంచుతున్నట్లు భారత్ ప్రకటించింది.

ఇంత చేసినా ఓసీఐ ద్వంద్వ పౌరసత్వం కాదు. ఓటు కావాలనుకున్న కార్డుదారు ఐదేళ్లు ఓసీఐగా ఉండి, దరఖాస్తుకు ముందు ఏడాదిపాటు భారత్‌లో నివసించి, చివరికి విదేశీ పౌరసత్వాన్ని వదులుకోవాలి.