గడప ముందరి మెట్టు

పాలమూరు వైపు కిన్నెర చూసినవాళ్లకు మెట్టంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. వెదురు బొంగు, ఎండిన సొరబుర్రలు, మైనంతో నిలబెట్టిన పన్నెండు మెట్లు. లింగాల మండలం అవుసలకుంటకు చెందిన దర్శనం మొగులయ్య ఆ మెట్ల మీద పండుగ సాయన్న కథ పలికించారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. వీణకూ మెట్లే, హార్మోనియానికీ మెట్లే. నేను చెప్పబోయేది వాటిలో ఒక్కదాని కథ. పై షడ్జమానికి సరిగ్గా ముందుండే కాకలి నిషాదం కథ.

నల్లగొండలో ఏ భజన మందిరంలోనైనా హార్మోనియం ముందు కూర్చోండి. ఒకటో శ్రుతి పెట్టుకోండి. షడ్జమం, సాధారణ గాంధారం, పంచమం కలిపి నొక్కితే గుండెను బరువు చేసే మైనర్ కార్డ్ వస్తుంది. ఇదే ఇల్లనుకుందాం. ఇప్పుడు పంచమం, కైశికి నిషాదం, పై రిషభం పట్టి ఇంటికి రండి. వచ్చినట్టే ఉంటుంది గానీ గడప దాటినట్టు ఉండదు. ఆ నల్లమెట్టు వదిలి పక్క తెల్లమెట్టు, కాకలి, పట్టి చూడండి. వేలు కదలకముందే చెవి షడ్జమాన్ని అడుగుతుంది. కైశికికి షడ్జమం రెండు మెట్ల దూరం, కాకలికి పక్కమెట్టే. మన మేళకర్తల్లో కైశికితో వచ్చేది 20వదైన నటభైరవి, కాకలితో వచ్చేది 21వదైన కీరవాణి.

ఈ మెట్టు చాలా పాతది. నిషాదాన్ని రెండు శ్రుతులు పెంచితే కాకలి అవుతుందని భరతుడి నాట్యశాస్త్రమే చెప్పింది. అళియ రామరాయల కాలంలో, 1550లో, స్వరమేళకళానిధి రాసిన రామామాత్యుడు వీణమెట్ల మీద కాకలికి ప్రతినిధిగా చ్యుతషడ్జ నిషాదాన్ని ఉంచాడు. అంటే షడ్జమం నుంచి ఒక్క శ్రుతి జారిన చోటు. ఇంట్లో నిలబడి బయటికి చూస్తూ మెట్టును కొలిచాడాయన! ఆ చూపంటే నాకు ఎంతో గౌరవం.

ఐరోపాలో 14వ శతాబ్దం నాటికే గాయకులు ముగింపు దగ్గర, రాసి లేకపోయినా, ఏడో స్వరాన్ని ఎత్తి పాడేవారు. దాంతో ఒక చిక్కు వచ్చింది. శుద్ధ ధైవతం నుంచి కాకలికి మూడు మెట్ల ఎడం. దాన్ని గొంతుతో దాటడం కష్టమని పైకెక్కేటప్పుడు ధైవతాన్నీ ఎత్తారు, మన గౌరీమనోహరిలా. మనవాళ్లు కీరవాణిలో ఆ ఎడాన్ని అలాగే ఉంచారు. ఆ రాగం ప్రాణమంతా అక్కడే ఉందని నేను నమ్ముతాను.

మళ్లీ హార్మోనియం దగ్గరికి వద్దాం. పంచమం, కాకలి, పై రిషభంతో మధ్యమాన్ని కూడా కలిపి పట్టండి. మధ్యమానికీ కాకలికీ మధ్య ఆరు మెట్లు, నిలవనివ్వని పోరు. కాకలి పైకి, షడ్జమానికి ఎక్కుతుంది. మధ్యమం గాంధారానికి దిగుతుంది. మేజర్‌లో అది పక్కమెట్టుకే దిగుతుంది, మైనర్‌లో రెండు మెట్లు దిగాలి. అందుకే మైనర్‌లో మధ్యమం లాగే పట్టు కాస్త సడలుతుంది. ఆ లోటు తీర్చేది శుద్ధ ధైవతం. రిషభం, మధ్యమం, కాకలితో దాన్నీ కలిపి పట్టి వదిలితే, అది పక్కనున్న పంచమం మీదికి వాలుతుంది. పైన ఒకటి, కింద ఒకటి, రెండూ పక్కమెట్టే.

కాకలి లేని దారీ ఒకటుంది. మధ్యమం, శుద్ధ ధైవతం, పై షడ్జమం పట్టి మొదటి కార్డ్‌కు రండి. షడ్జమం కదలదు, మధ్యమం గాంధారానికి, ధైవతం పంచమానికి జారుతాయి. మంగళహారతి చివర నేను ఈ దారినే వస్తాను.