పెర్రీ మేసన్ చివరి వాయిదా

'కోర్టుపక్షి' అన్న మాటను మన పెద్దలు ఊరికే పుట్టించలేదు. వ్యాజ్యం ఒక పట్టాన తెగదు. అమెరికా టెలివిజనులో ఒక న్యాయవాది కథకు కూడ మూడు ముగింపులు కావలసివచ్చాయి.

స్వయంగా న్యాయవాది అయిన ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ 1933లో పెర్రీ మేసన్‌ను నవలానాయకుణ్ణి చేశాడు. 1957 నుండి సీబీఎస్‌లో రేమండ్ బర్ ఆ పాత్ర ధరించాడు. నిర్దోషిని కాపాడటం, అసలు హంతకుని నోటనే నిజం చెప్పించడం - ఇదీ వరుస. 271 భాగాలు నడిచాయి.

1966 మే 22న మొదటి ముగింపు. టెలివిజను స్టూడియోలోనే హత్య. న్యాయపీఠం మీద గార్డ్‌నరే! మన నాటకాలలో సూత్రధారుడు ప్రస్తావనలో కనబడతాడు. ఇక్కడ కర్తయే భరతవాక్యం వేళకు రంగం మీదికి వచ్చాడు. ఇంతకంటె ఉచితమైన ముగింపు ఉండదనుకుంటాము.

కాని 1985లో మేసన్ ఎన్‌బీసీలో తిరిగివచ్చాడు. అప్పటికి అతడు అప్పీలు న్యాయస్థానంలో న్యాయమూర్తి. తన పూర్వ కార్యదర్శిని డెల్లా స్ట్రీట్‌పై హత్యారోపణ రాగా, పదవిని విడిచి ఆమె పక్షాన నిలిచాడు. అలా 26 టెలిచిత్రాలు వచ్చాయి. కేన్సరుతో బర్ 1993 సెప్టెంబరు 12న కన్నుమూశాడు. చివరి చిత్రం నవంబరు 29న ప్రసారమైంది. గతించినవాని వాదాన్ని ప్రేక్షకులు విన్నారు. ఇది రెండవ ముగింపు.

అయినా కథ ఆగలేదు. మేసన్ ఊళ్లో లేడన్నట్లుగా, అతని పేరుతోనే మరి నాలుగు చిత్రాలు తీశారు. మొదటిదానిలో పాల్ సొర్వీనో, తరువాతి మూడింటిలో హాల్ హోల్‌బ్రుక్ న్యాయవాదులు. 1995 ఏప్రిల్ 10న ఆఖరిది వచ్చింది. 2020లో హెచ్‌బీఓ ఆరంభించి 2023లో ఆపినది వేరొక శాఖ. ఈ వంశంలోనిది కాదు.

నాయకుడు లేని ఆ నాలుగింటిని పలువురు లెక్కలోనికి తీసుకోరు. నేనూ మొదట అట్లే తలచాను. వకీలు పోతే మరొకరు వకాల్తా వేస్తారు. అంతమాత్రాన ఆ వాదం మొదటివానిది కాబోదు కదా!

అయితే ఒక్క సంగతి నా తీర్పును మార్చింది. 1957లో డెల్లాగా వచ్చిన బార్బరా హేల్ 1995లోనూ అదే పాత్రలో ఉన్నది. ఎవరి కోసం మేసన్ న్యాయపీఠం దిగాడో, ఆమెయే అతడు లేని కార్యాలయానికి కాపున్నది. కనుక మూడవ ముగింపు మేసన్‌ది కాదు, డెల్లాది. ఆ ఋణం అక్కడ తీరింది.