దిశానుసార అయస్కాంత నిరోధం

దిశానుసార అయస్కాంత నిరోధం అనగా ఒక పదార్థపు విద్యున్నిరోధం, అందులోని విద్యుత్ ప్రవాహ దిశకూ అయస్కాంతీకరణ దిశకూ మధ్య గల కోణాన్ని బట్టి మారే ధర్మం. దీనిని ఆంగ్లంలో ఆనైసోట్రోపిక్ మాగ్నెటోరెసిస్టెన్స్ అంటారు. ఇనుము వంటి లోహాలలో చిరకాలంగా తెలిసిన ఈ ధర్మం, అయస్కాంత టోపోలాజికల్ పదార్థాల పరిశోధన వల్ల తిరిగి ప్రాముఖ్యం పొందింది.

చరిత్ర

విలియం థామ్సన్ (తరువాతి కాలంలో లార్డ్ కెల్విన్) ఇనుము, నికెల్ లోహాలలో ఈ ధర్మాన్ని గుర్తించి 1857లో ప్రచురించాడు. ప్రవాహం అయస్కాంతీకరణకు సమాంతరంగా ఉన్నపుడు నిరోధం పెరిగింది. లంబంగా ఉన్నపుడు తగ్గింది. 1990వ దశకంలో హార్డ్ డిస్కులలోని సమాచారాన్ని చదవడానికి, పెర్మలాయ్ అనే నికెల్-ఇనుము మిశ్రమలోహపు పలుచని పొరలను ఈ సూత్రం ఆధారంగానే వాడారు.

కారణం

ఎలక్ట్రాను స్పిన్‌కూ, దాని కక్ష్యా చలనానికీ గల సంబంధం ఇందుకు మూలం. దీనివలన ఎలక్ట్రాన్లు చెదిరే తీరు అయస్కాంతీకరణ దిశను బట్టి మారుతుంది. బహుస్ఫటిక లోహాలలో నిరోధపు మార్పు కోణం యొక్క కొసైన్ వర్గాన్ని అనుసరిస్తుంది. సమాంతర, లంబ నిరోధాల భేదంలో 0° వద్ద మొత్తం, 45° వద్ద సగం లంబ నిరోధానికి కలుస్తుంది. 90° వద్ద ఏమీ కలవదు. ఏకస్ఫటికాలలో స్ఫటిక సౌష్ఠవం వలన ఇతర పదాలు కూడా చేరుతాయి.

టోపోలాజికల్ పదార్థాలలో

వైల్ అర్ధలోహాలలో రెండు శక్తి పట్టీలు కొన్ని బిందువుల వద్ద మాత్రమే కలుస్తాయి. ఈ వైల్ బిందువులు కుడి, ఎడమ చేతివాటం గల జంటలుగా ఉంటాయి. విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు సమాంతరమైతే ఎలక్ట్రాన్లు ఒక చేతివాటం నుండి రెండవదానికి తరలి, నిరోధం తగ్గుతుంది. దీనిని కైరల్ ఎనామలీ అంటారు. స్ఫటికాలలో ఇది సాధ్యమని నీల్సన్, నినోమియా 1983లో సూచించారు.

కోబాల్ట్, తగరం, గంధకం పరమాణువులు 3:2:2 నిష్పత్తిలో గల స్ఫటికం ఇందుకు అయస్కాంత ఉదాహరణ. ఇది సుమారు 177 కెల్విన్‌ల దిగువన ఫెర్రో అయస్కాంతం. ఇటువంటి పదార్థంలో అయస్కాంతీకరణను తిప్పితే వైల్ బిందువుల స్థానాలు, శక్తులు కూడా మారగలవు. కనుక నిరోధానికి ఎలక్ట్రాన్లు చెదరడమే కాక, పట్టీల నిర్మాణంలోని మార్పు కూడా కారణమవుతుంది.

ఫలితాల వివేచన

కైరల్ ఎనామలీ వలన కలిగే మార్పు కూడా, క్షేత్రం బలహీనంగా ఉన్నపుడు, కొసైన్ వర్గాన్నే అనుసరిస్తుంది. అందువలన కోణంతో నిరోధం మారినంత మాత్రాన ఆ పదార్థం టోపోలాజికల్ అని రుజువు కాదు. బలమైన అయస్కాంత క్షేత్రంలో ప్రవాహం నమూనా అంతటా పరచుకోక, క్షేత్రం వెంబడి సన్నని ధారగా సాగవచ్చు. అపుడు అంచున కొలిచిన వోల్టేజి తగ్గి, నిరోధమే తగ్గినట్లు భ్రమ కలుగుతుంది. వోల్టేజి స్పర్శలను వేర్వేరు చోట్ల అమర్చి, ఫలితాలను పోల్చి ఈ దోషాన్ని గుర్తిస్తారు.

ఇవి కూడా చూడండి

హాల్ ప్రభావం
ఫెర్రో అయస్కాంతత్వం
విద్యున్నిరోధం