కోరమాండల్ లక్క తెరలు: పేరు, తీరం, పదార్థం

ఉపోద్ఘాతం

ఐరోపా కళాచరిత్రలో ‘కోరమాండల్’ ఒక తీరానికే కాక, ఒక గృహాలంకరణ వస్తువుకు కూడా పేరు. నల్లని లక్కపూతను చెక్కి, ఆ గాడులలో రంగులు నింపిన మడత తెరలను ఆ పేరుతో పిలుస్తారు. వీటికి సాధారణంగా 12 పలకలుంటాయి. ‘చోళమండలం’ నుంచి ఏర్పడిన ఈ పేరును విదేశీ వర్తకులు నిజాంపట్నం, మచిలీపట్నం రేవులున్న తెలుగు తీరానికీ వర్తింపజేశారు. అందువల్ల ఆ తెరలు ఇక్కడివే అనిపించే అవకాశం ఉంది. ఆ పేరు తయారీ స్థలానికి ఆధారం కాగలదా అన్నది ఈ వ్యాసంలోని పరిశీలనాంశం.

రేవులు, పేర్లు

గుంటూరు, ప్రకాశం మైదానాల తీరానికి సముద్ర వర్తకం కొత్త కాదు. కాకతి గణపతిదేవుడు 1244–45లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం నావికవర్తకులకు రక్షణ కల్పించి, చందనం, కర్పూరం, ముత్యాలు మొదలైన సరుకులపై సుంకాలను నిర్ణయించింది. ఐరోపావారు ‘పెటపోలి’ అని వ్యవహరించిన నిజాంపట్నంలో డచ్చివారు 1606లో వర్తకస్థానం నెలకొల్పారు. 1611లో ఇంగ్లీషువారి ‘గ్లోబ్’ నౌక అక్కడికి వచ్చి, తరువాత మచిలీపట్నం చేరింది. ఈ తీరంలో వారు ప్రధానంగా కోరినది నూలు వస్త్రాలను.

తెరల తయారీ చైనాలో జరిగింది. 17వ శతాబ్ది ఉత్తరార్ధంలో, కాంగ్‌షీ చక్రవర్తి కాలంలో అవి విస్తృతంగా వెలువడి, కోరమాండల్ తీరం మీదుగా ఐరోపాకు చేరాయి. ఈ తరహా పనినే ఇంగ్లండులో ‘బాంటమ్ పని’ అని కూడా అన్నారు. బాంటమ్ జావాలోని రేవు. ఒకే వస్తువుకు రెండు వేర్వేరు తీరాల పేర్లు రావడాన్ని బట్టి, అవి సరుకు సాగిన మార్గాన్ని సూచిస్తాయే తప్ప పుట్టిన చోటును కాదని స్పష్టమవుతుంది.

పదార్థ భేదం

పదార్థం కూడా ఈ విషయాన్నే బలపరుస్తుంది. చైనా పూత ఒక చెట్టు నుంచి కారే పాలు. పలుచని పొరలుగా పూస్తే తేమగాలిలో గట్టిపడుతుంది. తెలుగువారి లక్క మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలపై పురుగులు స్రవించే జిగురు, వేడికి కరుగుతుంది. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి, తిరుగుతున్న కర్రకు రంగు లక్కను ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. మొగలి ఆకుతో దానికి మెరుగు పెడతారు. ఈ పద్ధతి పిడతలు, మంచపు కోళ్ల వంటి గుండ్రని వస్తువులకే అనువైనది. వెడల్పాటి చదును పలకలకు కాదు.

మాట మాత్రం ఇక్కడిదే. సంస్కృత ‘లాక్షా’ ప్రాకృతంలో ‘లక్ఖా’గా, తెలుగులో ‘లక్క’గా మారింది. ఆ కుటుంబానికి చెందిన మాటే పోర్చుగీసు ‘లాకా’ ద్వారా ఐరోపా భాషలకు చేరి, చైనా చెట్టుపాల పూతకూ పేరైంది.

ముగింపు

ఈ విధంగా చైనా వస్తువుకు తీరం పేరూ, పూత పేరూ భారతదేశం నుంచే లభించాయి. ఆ పేర్లను బట్టి తెరల కీర్తిని తెలుగు పనివారికి ఆపాదిస్తే, వారు నిజంగా చేసిన పని మరుగున పడుతుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఏటికొప్పాక బొమ్మలకు అరువు కీర్తి అవసరం లేదు. తెలుగు లక్కపని చరిత్రను తరిమెన, లక్కపిడత, లత్తుక వంటి మాటలలోనూ, పనివారి చేతిలోనూ వెదకడం సమంజసం.