పలువురు పట్టిన గంటము

ఊరిచెఱువునకు కట్ట వేయుట ఒక్కని తరము కాదు. ఊరెల్ల కూడి వేయవచ్చును. కాని మన్ను ఎచ్చట త్రవ్వవలెనో, ఱాయి ఎట్లు పేర్చవలెనో తెలిసినవాడు లేనియెడల తొలివానకే గండి పడును. పలువురు కలిసి వ్రాయు గ్రంథములకును ఇదియే న్యాయము. వానికి పనితీరు తెలుపు వ్రాత ఎంత యావశ్యకమో నేడు చరిత్రమూలమున మనవి చేసెదను.

1879లో ఇంగ్లండు దేశమున జేమ్స్ మఱ్ఱే యను ఉపాధ్యాయుడు ఆంగ్లభాషా మహానిఘంటువునకు సంపాదకుడయ్యెను. అంతకు ఇరువదియేండ్లకు పూర్వమే ఆ పని మొదలై, జీతభత్యములు కోరని చదువరులు పదప్రయోగములను చీటీలపై వ్రాసి పంపుచుండిరి. ఆయనకు చేరిన చీటీలు రెండు టన్నుల బరువుండెనని చెప్పుదురు. కొన్ని యక్షరముల కట్టలు పరుల యిండ్లలోనే చిక్కుపడెను. అప్పుడు మఱ్ఱే చదువరులకొక విజ్ఞప్తి నచ్చొత్తించి, పని చేయు విధమును గూడ తెలిపెను: చీటీ శిరస్సున పదము, పిదప సంవత్సరము, గ్రంథకర్త, గ్రంథము, పుట, ఆపై వాక్యము. ఆయన 1915లో గతించెను, పని నిలువలేదు. సహసంపాదకులు దానిని 1928లో ముగించిరి. పద్ధతి ఒక్కని మనసులో గాక కాగితముమీద నుండుట దీనికొక కారణము.

మన ఆంధ్రదేశమున కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొని, సంపాదకత్వమేగాక పెక్కు వ్యాసముల రచనాభారమును గూడ తామే వహించిరి. 1923లో వారు కీర్తిశేషులగునప్పటికి ఆ మహాకార్యము ముగియలేదు. పిదప చేపట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారును 1938లో దివంగతులైరి. వారి దీక్షకు కొఱత లేదు. బరువు మోయు భుజములే కొఱవడినవి.

అట్టి భుజములను సమకూర్చు నుపాయము 1995లో వెలసినది. వార్డ్ కన్నింగ్‌హామ్ అను అమెరికా దేశీయుడు, చదువు ప్రతివాడును దిద్దదగిన పుటలను కంప్యూటరునందు కల్పించి, వానికి ‘వికీ’ యని పేరిడెను. హవాయి భాషలో ఆ మాటకు శీఘ్రమని యర్థము. 2001లో ఆంగ్లమున, 2003లో తెనుగున వికీపీడియా పుట్టినది. తెనుగు వికీపీడియాలో నలువురు కూడి చర్చించు చోటికి ‘రచ్చబండ’ యనియే పేరు. ఎవడు ఏ మాట మార్చెనో చరిత్రపుట దాచక చూపును.

నేనును అట్టి యొక స్వచ్ఛంద కూటమిలో చేరి, మా యూరి చెఱువును గూర్చి వ్రాయబూనితిని. దాని పేరేల? సహాయపుటలో చెప్పిన మీట తెరపై నెచ్చటను లేదు. తెరరూపు మాఱినది, పుట మాఱలేదు. మూడుదినములు వెదకి, సిగ్గుపడి, మానుకొంటిని. ఒకనాడు నా పూర్వశిష్యుడు వచ్చి విని, “మేష్టారూ, ఆ సహాయపుటను గూడ తమరే దిద్దవచ్చును గదండీ!” అనెను. ఇంత చిన్నమాట నాకు తోచకపోయెనే!

అతని సాయముతో పని నేర్చుకొని, ఆ పుటను తిరుగవ్రాసితిని. ఒక్కొక్క వాక్యమున ఒక్కొక్క పనియే చెప్పితిని. పిదప ఎన్నడును కంప్యూటరు తాకని నా యీడు మిత్రుని కూర్చుండబెట్టి, నోరు విప్పక చూచుచుంటిని. ఆయన వ్రేలు ఎచ్చట ఆగెనో, అచ్చట తప్పు నా వాక్యముది, ఆయనది కాదు. ఐదుమారులు దిద్దితిని. ఆఱవమారు ఆయన తడబడక, తమ తాతగారినాటి నీటివంతుల పద్దుపుస్తకమును జూచి నాలుగు వాక్యములు వ్రాసెను. ఆ వంతుల క్రమమెఱిగినవారు మా యూర ఆయనగాక మఱొకరు లేరు.

ఆర్యులారా, మన మెఱిగినది మనతో కాటికి పోరాదు. వ్రాయుడు, వ్రాయు తెరువును గూడ వెనుకవానికి వ్రాసి యుంచుడు.